బొమ్మ తీసిన చేయి, చూచెడి కన్ను

భవభూతి మహాకవి రచించిన ఉత్తరరామచరితమున మొదటి యంకములో చిత్రదర్శన ఘట్టమొకటి కలదు. పట్టాభిషేకానంతరము, గర్భవతియై మనస్సు కొంత కలతపడియున్న సీతకు ప్రొద్దు పుచ్చుటకై లక్ష్మణుడు చిత్రములను చూపును. అందున్నది రామచరిత్రము. వ్రాసినవాడొక చిత్రకారుడు, ఏమేమి వ్రాయవలెనో చెప్పినవాడు లక్ష్మణుడు. వివాహఘట్టమువద్ద అతడు సీతను, మాండవిని, శ్రుతకీర్తిని వరుసగా చూపి నాలవ వధువును దాటిపోవును. అప్పుడు సీత, మరి యీ తక్కినయామె యెవరని పరిహాసముగా నడుగును. ఆమె ఊర్మిళ. తన భార్య పేరు తాను చెప్పుటకు సిగ్గుపడి లక్ష్మణుడు దాటవేసెను గాని వేరు కారణము లేదు. అయినను, దాటిపోయిన స్త్రీని కనిపెట్టి యడిగినది చూచుచున్న స్త్రీయేగదా! ఆ నాటకమును చదివినప్పుడెల్ల మాకు ఆ ప్రశ్నవద్ద మనస్సు నిలిచిపోవును.

ఈ మాసమున ఆ ఘట్టమును తలచుటకు హేతువు కలదు. అమెరికా దేశమున న్యూయార్కు నగరములోని బ్రూక్లిన్ అను భాగమున 1997వ సంవత్సరమున 'రీల్ సిస్టర్స్' అను పేర నొక చలనచిత్రోత్సవము ఆరంభమైనది. దానిని నెలకొల్పినవారు ఏ ధనిక చిత్రసంస్థవారును గారు; 'ఆఫ్రికన్ వాయిసెస్' అను సాహిత్యపత్రికవారు, బ్రూక్లిన్‌లోని లాంగ్ ఐలండ్ విశ్వవిద్యాలయముతో కలిసి పూనుకొనిరి. శ్వేతజాతికి చెందని స్త్రీలు తీసిన చిత్రములను నలుగురికి చూపి, తీసినవారిచేతనే వానిని గూర్చి మాటలాడించుట ఆ యుత్సవపు పని. ఒక పత్రిక కేవలము అచ్చుకాగితములతో తృప్తిపడక తెరను గూడ పట్టుకొనుట పత్రికాపాఠకులమైన మనకు గమనింపదగిన విషయము.

అట్టి స్త్రీలకు ఆ దేశమున 'విమెన్ ఆఫ్ కలర్' అను సమష్టినామము కలదు. 1977లో హ్యూస్టన్ నగరమున జాతీయ మహిళా సమ్మేళనము జరిగినపుడు నల్లజాతి స్త్రీలు తమ కోరికల పత్రముతో వచ్చిరనియు, తక్కిన అల్పసంఖ్యాక స్త్రీలును దానిలో చేరగోరగా, అందరికిని సరిపడు పేరుగా ఇది ఏర్పడెననియు, ఆ యుద్యమములలో చిరకాలము పనిచేసిన లొరెట్టా రాస్ చెప్పియున్నారు. అది ఒకరు పెట్టిన పేరు గాక, తాము కలిసి పనిచేయుటకై తామే పెట్టుకొన్న పేరు. ఆ లెక్కను మన దేశపు స్త్రీలందరును దాని క్రిందికే వత్తురు. అయినను మనలో మనము చామనచాయ యను మాటను పెండ్లిచూపులనాడు ఎంత గొంతు తగ్గించి పలుకుదుమో పాఠకసోదరీమణులు ఎరుగనిది కాదు. రంగునకు తోడు కులము, మతము, కలిమిలేములు మన యిండ్లలో గోడలుగా నున్నవి. కావున ఆ యుత్సవము దూరదేశపు వేడుక యని విడిచిపెట్టుటకు వీలులేదు.

స్త్రీలు తీసిన చిత్రములకు వేరుగా ఉత్సవమేల యని కొందరడుగుదురు. బొమ్మ మంచిదైనచో చాలదా, తీసినది మగవాడైన నేమి ఆడుదియైన నేమి యందురు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. భాగవతమున ఉషాకన్యకు కలలో కనిపించిన పురుషుని కనుగొనుటకై చెలికత్తె చిత్రలేఖ దేవగంధర్వ మానవుల రూపములను వ్రాసి చూపగా, ఉష అనిరుద్ధుని గుర్తుపట్టినది. ఆ కథలో చిత్రలేఖకు కావలసినవి కుంచెయు, రంగులును, నేర్పును మాత్రమే. చలనచిత్రము అట్టిది కాదు. దానికి ధనము కావలెను, యంత్రములు కావలెను, పదిమంది పనివారు కావలెను. తీసిన పిమ్మట చూపుటకు శాల కావలెను. చూపిన పిమ్మట దాచుటకు చల్లని పొడిగది కావలెను. వీనిలో ఏ యొక్కటి తప్పినను బొమ్మ యుండియు లేనిదే యగును. నేర్పు సమానమైనను ఈ సాధనములు సమానముగా దొరకలేదు. ఉత్సవమను సాధనము ఆ కొరతలలో ఒకదానిని, అనగా చూపుటకు తావు లేమిని, కొంత తీర్చును.

మన దేశమున మొట్టమొదట చలనచిత్రమునకు దర్శకత్వము వహించిన స్త్రీ ఫాత్మా బేగం. 1926లో ఆమె తన సొంత సంస్థపక్షమున 'బుల్బులె పరిస్తాన్' అను మూకీచిత్రమును తీసిరి. ఆమె కుమార్తె జుబేదా 1931లో వచ్చిన తొలి హిందీ శబ్దచిత్రము 'ఆలం ఆరా'కు నాయిక. ఆ జుబేదాయే తరువాత మన హైదరాబాదులోని ధన్‌రాజ్‌గిర్ వంశమున కోడలై వచ్చినది. అనగా దేశపు మొదటి దర్శకురాలి కూతురు మన యూరి కోడలు. ఇంత దగ్గరి చుట్టరికముండియు, ఆ తల్లి తీసిన చిత్రమును మనము చూడగలమా యన్నచో, చూడలేము. దాని ప్రతి మిగులలేదు. మూకీలనాటి ఫిలిము నిప్పురవ్వ తగిలిన భగ్గుమను నైట్రేటు పదార్థముతో చేసినది. తరువాతి కాలపు అసిటేటు ఫిలిము తేమయు వేడియు తగిలినచో పులిసిన కాడివలె వాసనవేసి, ముడుచుకొని, పెళుసెక్కి పాడగును. ఊరగాయ జాడీకి తడి తగులకుండ కాపాడు నేర్పు మన యిండ్లలో ఎంత యవసరమో ఫిలిముచుట్టకును అంత యవసరము. ఆ పనిచేయువారు లేకపోయినందున ఆనాటి చిత్రములు, పురుషులవియు స్త్రీలవియు, కుప్పలుగా నశించినవి. పురుషులవి అనేకములు గనుక కొన్నియైన మిగిలెను. స్త్రీలవి కొలదియే గనుక ఒక్కటి పోయిన వంశమే పోయినట్లాయెను.

దక్షిణదేశమున టి. పి. రాజలక్ష్మి 1936లో 'మిస్ కమల' అను తమిళచిత్రమును, తాను వ్రాసిన నవలనుండియే, తానే దర్శకురాలై తీసిరి. మన తెలుగువారిలో పి. భానుమతి 1953లో 'చండీరాణి'ని తెలుగు, తమిళము, హిందీ మూడు భాషలలో తీసిరి. ద్విపాత్రాభినయమును, దర్శకత్వమును ఒక్క చేతిమీదుగా నడిపిన ఆమెయే 'అత్తగారి కథలు' వ్రాసి మనలను నవ్వించినది. 1968లో సావిత్రి 'చిన్నారి పాపలు'నకు దర్శకురాలు. వీరమాచనేని సరోజిని నిర్మాతగా, పి. లీల సంగీతము కూర్పగా, ముఖ్యమైన పనులన్నియు స్త్రీల చేతులతో జరిగిన చిత్రమది. ధనము రాలేదు, కాని ఆ సాహసమును తలచినపుడు ధనముమాట వెనుకబడును. 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల 'మీనా'ను విజయనిర్మల తెరకెక్కించిరి. మొత్తముమీద 44 చిత్రములకు దర్శకత్వము వహించి 2002లో గిన్నిసు పుస్తకమున చోటు సంపాదించిరి.

ఈ పేర్లను చదువుచున్నపుడు ఒక సంగతి తోచును. రాజలక్ష్మి, భానుమతి, సావిత్రి, విజయనిర్మల — వీరందరును మొదట నటీమణులు. ముందుగా వారి ముఖము ప్రజలను మెప్పించి ధనము తెచ్చిన పిమ్మటనే వారి కన్నునకు విలువ దొరికినది. ముఖము తెరపై నుండని స్త్రీకి, చదువులేని స్త్రీకి, పొలమున పనిచేయు స్త్రీకి కెమెరా వెనుక నిలుచు దారి ఏది? ఈ ప్రశ్నకు లోకమున అక్కడక్కడ జవాబులు వచ్చుచున్నవి. ఆఫ్రికాలోని సెనెగల్ దేశపు సఫీ ఫాయ్ 1975లో తీసిన 'కద్దు బేకత్' అను చిత్రపు పేరునకు 'రైతు మాట' యని యర్థము. తన వారి పల్లెబ్రదుకును ఆమె ఒక ఉత్తరమువలె చెప్పిరి. అమెరికాలో జూలీ డాష్ 1991లో 'డాటర్స్ ఆఫ్ ది డస్ట్' తీయువరకు, ఆ దేశపు నల్లజాతి స్త్రీ తీసిన నిడివిచిత్రము సాధారణ చిత్రశాలలలో దేశమంతట ఆడిన దాఖలాయే లేదు. దానిని 2004లో వారి జాతీయ చిత్రసంచయమున చేర్చిరి. 2016లో బాగుచేసిన ప్రతి మరల శాలలకు వచ్చినది. తల్లులు చూచిన బొమ్మను ఇరువదియైదేండ్లకు కూతుండ్రు చూడగలిగిరి. మన దేశపు పాయల్ కపాడియా చిత్రము 'ఆల్ వుయ్ ఇమాజిన్ యాజ్ లైట్' 2024లో ఫ్రాన్సు దేశమున కాన్ ఉత్సవమందు ప్రధానపోటీలో గ్రాండ్ ప్రీ బహుమానము పొందినది. 30 సంవత్సరములకు గాని భారతీయ చిత్రము ఆ పోటీలోనికి పోలేదు. పోయినపుడు దాని కథ బొంబాయి ఆసుపత్రిలో కొలువుచేయు మలయాళీ నర్సులది.

అంతదూరము పోనక్కరలేదు. మన హైదరాబాదునుండి బొంబాయి బాటను నూరు కిలోమీటర్లకు పైగా పోయినచో జహీరాబాదు వచ్చును. దానికి దగ్గరనే పస్తాపురమను గ్రామము. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను సంస్థ 1983నుండి దళిత స్త్రీలను సంఘములుగా కూర్చి, జొన్న, సజ్జ, కొర్ర, కంది మొదలగు మెట్టపంటల విత్తనములను వారిచేతనే దాచించి, బీడు నేలలను సాగుచేయించినది. 1990ల చివర ఆ స్త్రీలలో కొందరికి వీడియో కెమెరా పట్టుట నేర్పిరి. వారిలో బడిమొగము చూడనివారున్నారు. కొడవలి పట్టిన చేతితోనే యంత్రమును పట్టిరి. 2002లో బీటీ పత్తిసాగునకు ప్రభుత్వానుమతి వచ్చిన పిమ్మట, వరంగల్లు ప్రాంతపు రైతులకు ఆ పత్తివలన ఏమి జరిగినదో ఏటేట పోయి, చేలగట్లమీద నిలుచుండి, రైతులచేత చెప్పించి చిత్రించిరి. ఆ చిత్రములు పరదేశములలోను ప్రదర్శితములైనవి. సేద్యపుమాట సేద్యగత్తె యడిగినపుడు రైతు దాచక చెప్పును. అది వారి చిత్రములకు గల బలము.

ఆ స్త్రీలు కెమెరాపనికి పెట్టుకొన్న పరిభాష ఒకటి మాకు ఎంతో యింపుగా తోచినది. పెద్దబడులలో చదివినవారు యంత్రమును ఎత్తునుండి దిగువకు చూపిన ఒక ఆంగ్లనామమును, దిగువనుండి ఎత్తునకు చూపిన మరియొక ఆంగ్లనామమును చెప్పుదురు. పస్తాపురపు స్త్రీలు వానిని తమ యూరి బ్రదుకునుండి పోల్చుకొనిరి. ఎక్కువతక్కువలతో చూచు చూపులకు పటేలు పేరును, బానిస పేరును పెట్టిరి. కన్నునకు కన్ను సరిగా, ఎదుటివారి యెత్తుననే యంత్రమును నిలిపి తీయుటకు వారు పెట్టిన పేరు 'సంఘం షాటు'. సంఘములో అందరును చాపమీద సమానముగా కూర్చుందురు గనుక ఆ పేరు. అలంకారశాస్త్రము చదివినవారు ఒక గ్రంథము వ్రాసి చెప్పవలసిన విషయమును ఈ రెండు మాటలు చెప్పినవి. యంత్రమును ఎంత యెత్తున పట్టితిమన్నది చూపరి మర్యాదను తెలుపును. పనిమనిషితో మాటలాడునపుడు మన గొంతు ఎంత యెత్తున నుండునో, ఇదియు నట్టిదే.

ఇక మన నగరపు మాట. 1980లో బెంగుళూరున దీపా ధన్‌రాజ్, ఆభా భయ్యా, మీరా రావు, నవరోజ్ కంట్రాక్టరు అనువారు కలిసి 'యుగాంతర్' అను చిత్రబృందము నేర్పరచిరి. పూనాలోని పనిమనుషులను గూర్చియు, నిపాణిలోని పొగాకు కార్మికురాండ్రను గూర్చియు తీసిన పిమ్మట, 1983లో హైదరాబాదునకు వచ్చి, ఇక్కడి స్త్రీశక్తి సంఘటనవారితో కలిసి 'ఇది కథ మాత్రమేనా' అను తెలుగుచిత్రమును తీసిరి. అరగంటకు మించదు. పెండ్లియై అత్తవారింట హింసపడు ఒక చదువుకొన్న స్త్రీ కథ. సంఘటన సభ్యురాండ్రు తమలో తాము చర్చించి, మాటలు కల్పించుకొని, తామే వేషములు కట్టిరి. భార్యపై క్రూరత్వమును నేరముగా నేర్పరచు 498-ఎ అను విధి భారత శిక్షాస్మృతిలో చేరినదియు ఆ 1983 సంవత్సరముననే యని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, ఆ చిన్నచిత్రము ఎట్టి దినములలో పుట్టినదో తెలియును. ఇంటి నాలుగుగోడల మాట వీధిలో చెప్పరాదను కాలమున, అది కథ మాత్రమేనాయని తలుపు తట్టినది.

దీపా ధన్‌రాజ్ మరల మన నగరమునకు, ఈసారి పాతబస్తీకే, వచ్చిరి. 1984లో రాష్ట్రమున మంత్రివర్గము తారుమారగుచున్న కాలముననే, సెప్టెంబరు మాసమున, గణేశ నిమజ్జనము నాటి ఊరేగింపుతో హైదరాబాదున మతకలహములు రేగినవి. 'హైదరాబాదు ఏక్తా' అను సమితివారితో కలిసి ఆమె తీసిన 'క్యా హువా ఇస్ షహర్ కో' అను చిత్రము 1986లో వెలువడినది. ఈ నగరమునకేమాయెనని దాని పేరునకు యర్థము. ఊరేగింపులును, నాయకుల యుపన్యాసములును అందున్నవి. వానితోబాటు కర్ఫ్యూ విధించిన వీధులలో దినకూలి లేక తలుపుచాటున కూర్చున్న బీదలును ఉన్నారు. కలహమెవరికి లాభము, నష్టమెవరికి అని ఆ చిత్రము రెండు మతములవారి యిండ్లకును పోయి యడుగును.

కర్ఫ్యూ అన్నమాట బయటివారికి వార్తాపత్రికలోని ఒక పంక్తి. శాలిబండ, లాల్‌దర్వాజ, మొగల్‌పురా, దబీర్‌పురాల గృహిణులకు అది పాలులేని యుదయము, మందులేని జ్వరము, సడలించిన రెండుగంటలలో బియ్యము, కిరసనాయిలు, కూరలు తెచ్చుకొనవలసిన పరుగు, ప్రక్కయింటి బేగంసాహెబా గోడమీదుగా అందించిన చక్కెర, మన యింటినుండి పోయిన పప్పు. కలహములను గూర్చి చరిత్రలు వ్రాసినవారు చచ్చినవారిని లెక్కించిరి, బందీలైనవారిని లెక్కించిరి. గోడమీదుగా పోయిన చక్కెరను లెక్కించినవా రెవరు? ఆ లెక్క స్త్రీలవద్ద మాత్రమే యున్నది. మా అత్తగారి తరమువారు కాలము చేసినచో అదియు పోవును. ఉత్సవములు, చిత్రములు అనిన మాకింత పట్టుదల కలుగుటకు కారణమిదియే.

ఈ రెండు చిత్రములును 16 మిల్లీమీటర్ల ఫిలిముపై తీసినవి. కాలక్రమమున వాని ప్రతులు పాడగుచుండగా, జర్మనీ దేశపు బెర్లిన్ నగరములోని ఆర్సెనల్ అను చలనచిత్రసంస్థవారు వానిని బాగుచేయించి సంఖ్యారూపమున భద్రపరచిరి. వారికి మనము కృతజ్ఞులము. అయితే మన వీధి కథను, మన భాషలోని మన యింటి కథను, భద్రముగా నిలుపుటకు బెర్లిన్ కావలసి వచ్చెనన్న సంగతి మాత్రము మనసునకు పట్టవలెను. చార్మినారును, లాడ్ బజారు గాజులను, బిరియానీని చూపువారు వేలు. అరబ్బుదేశపు ముసలివరునికి కట్టబెట్టబడిన బాలికలను చూపి జాలిపడువారు మరికొందరు. ఈ బస్తీ ఆడువారు తమంత తాము చూపుకొన్నది ఎంత? వ్రేళ్ళమీద లెక్కింపవలసినంత.

కావున మేము చెప్పదలచినది ఒక్క మాట. స్త్రీలు తీసిన చిత్రములను చూచుటయు దాచుటయు స్త్రీల పనియే. తీయువారు కొందరే యుందురు. చూచువారము, దాచువారము మనమందరమును. ఊర్మిళయెవరని యడుగు సీత లేనిచో చిత్రశాల యంతయు నున్నను ఊర్మిళ గోడమీదనే యుండిపోవును.

ఇందుకు పెద్ద శాలలు, పెద్ద పేర్లు అక్కరలేదు. మనకు పేరంటము తెలియును. పదియిండ్లవారు కలిసి నెలకొకసారి మధ్యాహ్నము రెండుగంటలనుండి నాలుగుగంటలవరకు, బడిపిల్లలు ఇంటికి వచ్చునంతలో ముగియునట్లుగా, ఒక పెద్దగదిలోనో, బడివారు ఒప్పుకొన్న బడిగదిలోనో కూడవచ్చును. తెల్లని దుప్పటి తెరయగును. బొమ్మపడు యంత్రమును బడులలో అడిగి తెచ్చుకొనవచ్చును. ఆడువారికి మాత్రమే యన్నచో ఘోషా పాటించు ఇరుగుపొరుగు సోదరీమణులును నిస్సంకోచముగా వత్తురు. మొదటినాడు అరగంట చిత్రమే చాలును. తెలుగుచిత్రమైనచో మనలో ఒకరు ఉర్దూలో, ఉర్దూ చిత్రమైనచో వారిలో ఒకరు తెలుగులో, మధ్యమధ్య అర్థము చెప్పవలెను. చిత్రము కంటె చిత్రానంతరపు మాటలకు ఎక్కువకాల ముంచవలెను. తేనీరు, తాంబూలము ఇచ్చి పంపుట మనకును వారికిని గల మర్యాదయే. ఎవరి చిత్రమునైనను పదిమందికి చూపుటకు ముందు హక్కుదారులకు వ్రాసి యనుమతి పొందుట ధర్మము. ఇట్టి చిత్రములు తీసినవారు ఇట్టి చూపరులనే కోరుదురు గనుక అడుగుటకు సంకోచింపరాదు.

ఇంకొక హెచ్చరిక. ఆడుది తీసినదను కారణముచేతనే చిత్రమును మెచ్చుకొనవలసిన పనిలేదు. కలవారింటి స్త్రీ లేనివారిని ఎత్తునుండి చూచుచు తీసిన బొమ్మలును కలవు. పురుషుడు తీసినను కన్ను సరిగా నిలిచిన బొమ్మలును కలవు. అందుచేత ఏ చిత్రమును చూచినను మూడు ప్రశ్నలు వేసికొనుడని మా మనవి. యంత్రము ఎంత యెత్తున నున్నది? ఈ కథలో ఎవరిని దాటిపోయిరి? ఇది పదియేండ్లకు మిగులునా, మిగిలించువా రెవరు? ఈ మూడింటిని పది చిత్రములకు వేసి చూచినవారికి విమర్శకుల సాయము అక్కరలేదు.

మూడవ ప్రశ్న మన యింటికిని వర్తించును. నేడు ప్రతియింటను చరవాణి యున్నది. దానియందే కెమెరా యున్నది. భానుమతికి, సావిత్రికి ఎంత వ్యయమైన సాధనము నేడు అమ్మాయి చేతిలో పండ్లబుట్టవలె వచ్చిపడినది. దానితో వంటలను, ముగ్గులను, చీరలను తీయుచున్నారు, తీయవలసినదే. దానికి తోడు, రాబోవు సెలవులలో మీ యింటి అమ్మాయికి ఒక పని యప్పగింపుడు. అమ్మమ్మను గాని, నాయనమ్మను గాని, ప్రక్కయింటి పెద్దమ్మను గాని ఒక గంటసేపు మాటలాడింపుమనుడు. పెండ్లినాటి మాట, మొదటి కాన్పు మాట, కర్ఫ్యూనాటి వంట మాట, ఏదైనను సరే. ముసలమ్మ మంచముమీద కూర్చున్నచో అమ్మాయి నిలువబడి తీయరాదు. ముక్కాలిపీట వేసికొని కన్నునకు కన్ను సరిగా పట్టవలెను. మధ్య అడ్డము చెప్పరాదు. ముగిసిన పిమ్మట తేదీ, ఊరు, పేరు ఒక నోటుపుస్తకమున వ్రాసి, ఆ చిత్రపు ప్రతులను రెండు వేర్వేరు చోట్ల దాచవలెను. చరవాణి నీటిలో పడిన ఒక ప్రతి పోవును, రెండవది నిలుచును.

అట్టి గంటలు ఒక వీధిలో పది పోగైనచో వానిని ఒక మధ్యాహ్నము తెరమీద చూచుకొనవచ్చును. దానికి ఉత్సవమని పేరు పెట్టుకొన్నను ఎవ్వరును కాదనరు. పాఠకసోదరీమణులలో ఎవరైన అట్టి పని మొదలిడినచో మాకు వ్రాయుడు. ఏమి అడుగ జడిసితిరో, ఏమి విని యాశ్చర్యపడితిరో అదియు వ్రాయుడు. ఉత్తరములు చేరినచో ఈ పుటలోనే వాని సారమును ప్రకటింతుము.